ఇస్పాను దొర మేడలో అయిదు రోజులు

మంగళవారం పొద్దు వాలేవేళకి దర్జీ పైడయ్య మేడ చేరాడు. శృంగవరపుకోట నుంచి రెండు రోజుల బండి ప్రయాణం. బండివాడు గేటు దగ్గరే కుట్టు మిషనూ గుడ్డల తానులూ దించేసి ఎద్దుల్ని వెనక్కి తిప్పేశాడు. "సీకటడకముందే అనంతగిరి సేరుకోవాల" అన్నాడు గానీ మేడవైపు తలెత్తి చూడలేదు.

పైడయ్య చూశాడు. తమ ఊరు కోటలో అంత ఇల్లు లేదు. విజయనగరంలో ఒకటో రెండో ఉంటాయేమో. ఎప్పుడో డెబ్భై ఎనభై ఏళ్ళ కిందట కాఫీతోట వెయ్యడానికి వచ్చిన స్పెయిను దేశపు దొర తన ఊళ్ళో ఇల్లు ఎలా ఉండేదో అలాగే కట్టించుకున్నాడట. మధ్యలో రాతి ముంగిలి, దాని చుట్టూ కమానులు, పైన ఇనుప అల్లిక వేసిన వసారా. మెట్లకి నీలం పువ్వుల బిళ్ళలు. తోట ఎండిపోయి దొర వెళ్ళిపోయాక కొండజనం దాన్ని ఇస్పాను దొర మేడ అన్నారు, గబ్బిలాలకి వదిలేశారు. ఇప్పుడు అనంతగిరి మీదుగా మోటారు రోడ్డు పడింది గనక కంట్రాక్టరు సర్వేశ్వరరావు దాన్ని కౌలుకి తీసుకుని బాగుచేయిస్తున్నాడు. చల్లగాలికి వచ్చే దొరలకీ, వేటకి వచ్చే జమీందార్లకీ హోటలు పెడతాడు. ఆదివారం మొదటి అతిథులు వస్తున్నారు. ఆ లోపల పన్నెండు పరదాలు, ఆరు దోమతెరలు, కుర్చీలకి దిండ్లు కుట్టాలి.

సర్వేశ్వరరావు స్వయంగా గేటుదాకా వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. "రా పైడయ్యా. ప్రయాణం బాగా జరిగిందా? నీకు మేడమీద గది వేశాను."

పైడయ్య అర్థంకాక నవ్వాడు. "నాకెందుకు బాబూ మేడమీద గది? వంటసాల వసారాలో పడుంటాను."

"దొరలకి వేసిన గదే. మంచం, పరుపు అన్నీ ఉన్నాయి. దొరలకంటే ముందు నువ్వే అతిథివి అనుకో."

గది పెద్దది. గోడలకి కొత్త సున్నం. కిటికీపక్క కమాను మిగతా గోడకంటే తెల్లగా ఉంది, ముట్టుకుంటే ఇంకా చెమ్మ. పైడయ్య పరుపు అంచుమీద కూర్చుని, వెంటనే లేచి, కింద చాప పరుచుకున్నాడు. కోటలో అందరూ భయపెట్టే పంపించారు. కొండజ్వరం వస్తే పదిరోజుల్లో పోతావన్నారు. పులి పట్టపగలే రోడ్డు దాటుతుందన్నారు. పితూరీ తిరుగుబాటు అణిగి రెండేళ్ళయినా కొండవాళ్ళ కడుపుల్లో మంట చల్లారలేదనీ, మైదానంనుంచి వచ్చిన పల్లపువాడు ఒంటరిగా దొరికితే వదలరనీ అన్నారు. అవన్నీ ఎదురుచూసి వచ్చిన మనిషికి ఈ మర్యాద కొత్త భయంగా ఉంది. వంటమనిషి అచ్చియమ్మ పళ్ళెంలో కోడికూర తెచ్చి పెట్టినప్పుడు, "ఇది నాకేనా అప్పా?" అని రెండుసార్లు అడిగాడు. ఆమె కమానువైపు ఒకసారి చూసి, గుమ్మం దాటకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే పైవసారాలో మిషను పెట్టుకున్నాడు. మంచు పల్చబడేదాకా గుడ్డ చేతికి తడితడిగా తగిలింది. గజంబద్ద పెట్టి కొలిచి, సుద్దతో గీత గీసి, మొదటి పరదా కత్తిరించాడు. కింద ముంగిట్లో పాతికమందిదాకా కొండమనుషులు రాళ్ళు మోస్తున్నారు, మట్టి ఎత్తుతున్నారు. వెట్టి పని. మాటా పలుకూ లేదు. అంతమంది పనిచేసేచోట ఒక్క కేకగానీ పాటగానీ దగ్గుగానీ వినపడకపోతే ఎలా ఉంటుందో పైడయ్యకి అప్పుడే తెలిసింది. మిషను చక్రం తిప్పితే ఆ చప్పుడుకి కొందరు తలెత్తి చూస్తున్నారు. అతనికి చక్రం తిప్పబుద్ధి కాలేదు.

గేటు బయట రాయిమీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. మోకాళ్ళచుట్టూ చేతులు పెనవేసుకుని మేడవైపే చూస్తోంది. పొద్దున్న చూశాడు, మధ్యాహ్నం చూశాడు, రెండు పరదాలకి అంచులు మడిచి కుట్టేసరికీ అక్కడే ఉంది.

సాయంత్రం సర్వేశ్వరరావు పరదాలు చూడ్డానికి వచ్చినప్పుడు అడిగాడు. "ఆ మనిషెవరు బాబూ, పొద్దుట్నించీ కూకునుంది?"

"అదా? కనక అని, ఇక్కడ పనిచేసే బుధు అనేవాడి పెళ్ళాం. వాడు పారిపోయాడు. నిన్న రాత్రే, నువ్వొచ్చిన రాత్రే, గోడదూకి. దీనికేమో మొగుడు లోపలే ఉన్నాడని అనుమానం." పరదా అంచు వేళ్ళతో రుద్ది చూశాడు. "కుట్టు సన్నంగా పడింది. బాగుంది. నీకు సంతకం చెయ్యడం వచ్చా పైడయ్యా?"

"వొచ్చు బాబూ. నాలుగో తరగతిదాకా సదివేను."

"మంచిది" అని వెళ్ళిపోయాడు.

గురువారం దోమతెరలు మొదలెట్టాడు. పల్చటి గుడ్డ, సూదికింద జారిపోతుంది. వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని మూలలు చేత్తో కుట్టాడు. మధ్యాహ్నానికి కళ్ళు మంటలెత్తి, ఆ పని పక్కన పెట్టి కుర్చీల దిండ్లు పట్టుకున్నాడు. లోపల కూరడానికి బూరుగు దూది చాలక, పాతగుడ్డల మూట ఒకటి పైకి పంపించారు. గోనెముక్కలు, చిరిగిన తలపాగాలు, పనివాళ్ళు చెయ్యి తుడుచుకుని పారేసిన పేలికలు. ఒక్కొక్కటీ దులిపి, పీచుపీచుగా చింపి లోపలికి కుక్కుతున్నాడు.

నాలుగో దిండులో ఉండగా చేతికి ఒక ముతక గుడ్డ వచ్చింది. మగవాడు నడుముకి చుట్టుకునేది. సున్నం అంటుకుని అట్టకట్టింది. ఒక కొస గట్టిగా నల్లగా ఉంది. గోటితో గీరితే ఎర్రటి పొడి రాలింది. ముప్ఫై ఏళ్ళుగా గుడ్డలతో బతికినవాడికి ఏ మరక దేనిదో ఎవరూ చెప్పనక్కరలేదు. వక్క మరక వేరు, జేగురు మరక వేరు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

కాసేపాగి మళ్ళీ తీశాడు. మధ్యలో జానెడు చిరుగుంది. దాన్ని ఎవరో దారం లేక చెట్టునారతో కుట్టారు. మామూలుగా ఎవరు కుట్టినా కుడినుంచి ఎడమకి వస్తారు. ఇది ఎడమనుంచి కుడికి పోయింది. మూడు కుట్లకి ఒక ముడి, మళ్ళీ మూడు, మళ్ళీ ముడి. ఎడంచేతి మనిషి, తెగిపోతుందేమోనని భయంభయంగా కుట్టిన కుట్టు.

గుడ్డని మడిచి, చొక్కాకింద నడుముకి చుట్టుకున్నాడు. ఎందుకు చుట్టుకున్నాడో తనకే తెలీదు. మిగతా పేలికలన్నీ దిండులో కుక్కి మూతి కుట్టేశాడు.

పొద్దు వాలకముందు కాళ్ళు చాపుకోడానికన్నట్టు గేటుదాకా నడిచాడు. ఆ మనిషి అక్కడే ఉంది. కాళ్ళకింద ఆకుదొప్పలో ఏదో అంబలి, ఈగలు ముసురుతున్నాయి. భుజంమీది గుడ్డకి పెద్ద మాసిక ఉంది. పైడయ్య చూపు దానిమీద పడింది. నార దారం. మూడు కుట్లు, ఒక ముడి. ఎడమనుంచి కుడికి.

ఎంతసేపు చూశాడో తెలీదు. తలెత్తేసరికి ఆమె అతని మొహంలోకే చూస్తోంది. "మంచినీళ్ళు... ఈ సుట్టుపక్కల ఊటేదైనా ఉందా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక.

ఆమె ఎడమచెయ్యెత్తి వాగువైపు చూపించింది.

ఆ రాత్రి అతను చాపని కమానుకి దూరంగా, తలుపు దగ్గరికి లాక్కున్నాడు.

శుక్రవారం పొద్దున్న అచ్చియమ్మ పొయ్యి రాజేస్తుంటే వంటసాల గుమ్మంలో నిలబడ్డాడు. ఆమెది బొబ్బిలి దగ్గర ఏదో ఊరు. సర్వేశ్వరరావు ఇంట్లో పదేళ్ళుగా వంట చేస్తోంది.

"అప్పా, ఒక మాట అడుగుతాను. నానున్న గదిలో కమాను కొత్తగా కట్టేరా?"

ఆమె గొట్టం ఊదడం ఆపేసింది. "నీకెందుకు తమ్ముడూ? కుట్టుపనికొచ్చినావు, కుట్టుకుని ఎల్లిపో."

"బుధు పారిపోయింది మంగళారం రాత్రేనా?"

అచ్చియమ్మ లేచి బయటికి చూసి తలుపు దగ్గరగా వేసింది. మసి చేతులు చీరకి తుడుచుకుంది. "ఎవుళు సెప్పేరు నీకు?"

"ఎవుళూ సెప్పనేదు." పైడయ్య చొక్కా కొంచెం ఎత్తి నడుముకున్న గుడ్డ చూపించాడు.

ఆమె గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "ముసురు పట్టిన రోజులు. తడిగోడ, ఆరనిమ్మని మేస్త్రీ మొత్తుకున్నాడు. ఈయన ఇననేదు, దొరలొచ్చే దినం దగ్గిరకొచ్చీసిందన్నాడు. కమాను ఇరిగి ఆడిమీద పడిపోనాది. రాళ్ళు తీసేసరికి ఊపిరుంది తమ్ముడూ. నీళ్ళడిగినాడు. నానే పోసినాను. గుక్క దిగకముందే పేనం పోనాది." పొయ్యికేసి చూసింది. "పద్నాలుగు దినాలయింది. సున్నం గోతిలో ఎట్టీసి, పైన మట్టేసి, గులాబీ అంట్లు నాటించినాడు. సూసినోళ్ళందర్నీ పిలిచి, నోరిప్పితే పితూరీ మనుషులని రాయించీసి జెయిలికి తోలిపిస్తానన్నాడు. ఆ మేస్త్రీని ఆ మర్నాడే పంపించీసినాడు. నానేటి సెయ్యను? నాకెవులున్నారు?"

"గేటుకాడి గుంట పద్నాలుగు దినాల్నించీ కూకునుందా?"

"పొద్దున్నే వొస్తాది, పొద్దుగూకితే ఎల్లిపోతాది. ఏడవదు, అరవదు. దాని కళ్ళల్లోకి సూడ్లేక నాను గేటుకాసి పోడం మానీసినాను." లేచి వచ్చి పైడయ్య చెయ్యి పట్టుకుంది. "నీకు దండమెడతాను, ఆ గుడ్డ పొయ్యిలో పడీ. నీకు తెలిసిందని తెలిస్తే నిన్నూ బతకనియ్యడు, నన్నూ బతకనియ్యడు."

పొయ్యి మండుతోంది. పైడయ్య నడుముమీద చెయ్యి వేసుకున్నాడు. ముడి విప్పబోయాడు కూడా. విప్పలేకపోయాడు.

ఆ రోజంతా పనిమీద చెయ్యి నిలవలేదు. రెండుసార్లు సూది వేల్లో దిగింది. పరదాకి రింగులు తలకిందులుగా కుట్టి, మళ్ళీ విప్పి కుట్టాడు. పైనుంచి చూస్తే గులాబీ అంట్లు వరసగా కనిపిస్తాయి. ఒక్కోదానికి ఒక్కో వెదురుపుల్ల ఊతం. వాటికి పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసేది కూడా బుధు ఊరివాళ్ళే. కుండ వంచేటప్పుడు వాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకుంటున్నారు. ఈ సంగతి మొన్నటినుంచీ తన కళ్ళముందే జరుగుతోంది. ఇప్పుడే కనపడింది.

పారిపోదామా అనుకున్నాడు. మిషను వదిలేసి? వదిలినా ఒక్కడూ ఘాటు రోడ్డు దిగగలడా? దిగినా కోటలో తన కొట్టున్నది సర్వేశ్వరరావు బావమరిది అరుగుమీద. ఇంటిదగ్గర పెళ్ళాం, ఇద్దరాడపిల్లలు. ఏ వైపు ఆలోచించినా దారి ఆ మెత్తటి గొంతు దగ్గరికే వచ్చి ఆగుతోంది.

సాయంత్రం ఆ గొంతు గుమ్మంలో వినపడింది. "భోజనం బాగుంటోందా పైడయ్యా? నిద్ర పడుతోందా?"

"పడతంది బాబూ."

"రేపు ఠాణానుంచి హెడ్డు వస్తున్నాడు. బుధు పారిపోయిన సంగతి రాసుకోడానికి. పితూరీ తర్వాత ఇదో గొడవ, ఎవడు మాయమైనా కాగితం ఉండాలి. ఇక్కడివాళ్ళ మాట కాగితంమీద చెల్లదు. నువ్వు పల్లపువాడివి, చదువుకున్నవాడివి, ఆ రాత్రి ఈ మేడలోనే పడుకున్నావు. కిటికీలోంచి వాడు గోడదూకడం చూశానని ఒక సంతకం పెడితే చాలు."

పైడయ్య చేతిలో కత్తెర అలాగే తెరుచుకుని ఉండిపోయింది. మేడమీద గది, పరుపు, కోడికూర ఎందుకో అప్పుడు తెలిసింది.

"నాను... నిద్రపోనాను బాబూ ఆ రాత్రి."

సర్వేశ్వరరావు నవ్వాడు. దగ్గరికొచ్చి అతని చేతిలోంచి కత్తెర తీసి, మూసి, బల్లమీద పెట్టాడు. "అలిసిపోయుంటావు. మధ్యలో మెలకువ వచ్చుంటుంది. బాగా జ్ఞాపకం తెచ్చుకో."

శనివారం పొద్దెక్కాక హెడ్డు వచ్చాడు. వెనక ఒక కనిస్టీబు, మధ్యలో తాడుకట్టిన మనిషి. బుధు తమ్ముడు భీముడు. ఇరవై ఏళ్ళుంటాయి. రెండు చేతులూ ముందుకి కట్టేసి, ఆ తాడుకొస కనిస్టీబు మణికట్టుకి చుట్టుకున్నాడు. తాడు బిగిసి వేళ్ళు ఉబ్బాయి. వాడు ఎవరివైపూ చూడటంలేదు, ముంగిట్లోకి రాగానే నేలంతా కళ్ళతో వెతకడం మొదలెట్టాడు.

కమానుకింద బల్ల వేశారు. హెడ్డు కాగితం పరిచి, సిరాబుడ్డి మూత తీశాడు. లావుపాటి మనిషి, ఎండలో నడిచొచ్చి ఆయాసపడుతున్నాడు. పనివాళ్ళు గంపలతో అటూ ఇటూ పోతూనే ఉన్నారు. గేటు దగ్గర కనక నిలబడింది. ఆమె లేచి నిలబడటం పైడయ్య చూడటం అదే మొదటిసారి.

"నీ పేరేనా పైడయ్య? మంగళవారం రాత్రి ఇక్కడే ఉన్నావా?"

"ఉన్నాను బాబూ."

హెడ్డు గబగబా రాశాడు. సర్వేశ్వరరావు పక్కనే నిలబడి అడకత్తెరతో పోకచెక్క ముక్కలు చేస్తున్నట్టు మాటలు అందించాడు. బుధు అనువాడు, రాత్రి జాములో, తూర్పుగోడ దూకి. రాసింది అయ్యాక హెడ్డు కాగితాన్ని పైడయ్యవైపు తిప్పి కలం చేతికిచ్చాడు. "ఇక్కడ పెట్టు."

పైడయ్య కలం పట్టుకున్నాడు. సిరా బొట్టు కాగితంమీద పడింది. సర్వేశ్వరరావు చిన్నగా దగ్గాడు. పెట్టేస్తే అయిపోతుంది. మూడు అక్షరాలు. రేపు ఈపాటికి ఘాటు దిగుతూ ఉంటాడు.

కలం కాగితానికి ఆనించి, ఊరికే, కాస్త గడువు కోసం అడిగాడు. "ఈ గుంటణ్ణి ఏటి సేస్తారు బాబూ?"

"ఎవణ్ణి, వీణ్ణా? అన్న బదులు రోడ్డుపని చేస్తాడు. కాలికి సంకెల వేసి."

"ఎన్నాళ్ళు?"

"అన్న దొరికేదాకా" అన్నాడు హెడ్డు, మెడ తుడుచుకుంటూ.

పైడయ్య తలెత్తి భీముడి చేతులవైపు చూశాడు. తర్వాత గులాబీ అంట్లవైపు చూశాడు. మొక్కలకి పొద్దున్న పోసిన నీళ్ళు ఇంకా ఇంకలేదు. కలం బల్లమీద పెట్టేశాడు.

"నాను సూణ్ణేదు బాబూ."

"ఏమిటి చూళ్ళేదు?"

"ఆడు గోడ దూకడం. నానొచ్చేసరికే ఆడు నేడు." బల్ల అంచు పట్టుకున్నాడు. "నాను సూసింది ఇదొక్కటే." చొక్కా ఎత్తి, నడుము ముడి విప్పి, ఆ గుడ్డ తీసి సిరాబుడ్డి పక్కన పెట్టాడు.

సర్వేశ్వరరావు నవ్వబోయాడు. "పేలిక. దిండ్లలోకి పంపిన పేలిక. నీకు మతిపోయిందా?"

ఎవరూ ఆపకముందే కనక గేటు దాటి వచ్చేసింది. పరుగెత్తలేదు, నడిచే వచ్చింది. బల్లమీది గుడ్డ తీసుకుని రెండు చేతులా విప్పింది. మరకవైపు చూడలేదు. తను కుట్టిన చోటుమీద వేలు పెట్టి, తన భుజంమీది మాసిక లాగి దాని పక్కన పెట్టి, హెడ్డుకి చూపించింది. అంతే.

ముంగిట్లో ఎవరో గంప దించారు. ఇంకొకరు దించారు. పాతికమందీ ఎక్కడివాళ్ళు అక్కడ కూర్చున్నారు. హెడ్డు వాళ్ళవైపు చూశాడు, తన వెనకున్న ఒక్క కనిస్టీబువైపు చూశాడు. తూర్పున అడవి, పడమర అడవి. అతని పైపెదవిమీద చెమట పట్టింది. పైడయ్యకి ఆశ్చర్యం వేసింది. ఈ మనిషీ భయపడుతున్నాడు.

"కంట్రాక్టరుగారూ" అన్నాడు హెడ్డు గొంతు తగ్గించి, "ఎక్కడ?"

సర్వేశ్వరరావు సిరాబుడ్డికి మూత పెట్టబోయాడు.

"గులాబీల కింద" అంది వంటసాల గుమ్మంలోంచి అచ్చియమ్మ. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది, అయినా మాట అందరికీ వినపడింది. "సున్నం గోతిలో. నాను సూసినాను."

తర్వాత అంతా నెమ్మదిగానే జరిగింది. హెడ్డు ఆ కాగితం నాలుగుగా మడిచి జేబులో పెట్టుకుని ఇంకోటి తీశాడు. కమాను కూలి ప్రమాదవశాత్తు మరణం అని రాసుకున్నాడు. ఎవరు తొందరపెట్టారో, ఎవరు పాతిపెట్టించారో రాయలేదు. రాయమని అడిగే ధైర్యం పైడయ్యకి లేదు. ఆ కాగితంమీద మాత్రం సంతకం పెట్టాడు. కనిస్టీబు భీముడి తాడు విప్పాడు. వాడు చేతులు ఒకసారి విదిలించుకుని, పార తీసుకుని అంట్ల దగ్గరికి వెళ్ళాడు.

పెళ్ళగించిన గులాబీల్ని ఎవరూ పారెయ్యలేదు, ఒక పక్కన వరసగా పెట్టారు. బుధుని వెదుళ్ళమీద ఆకులు పరిచి చుట్టి ఎత్తారు. పైడయ్య చూడలేకపోయాడు, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని పక్కకి సర్వేశ్వరరావు వచ్చి ఆగాడు. అదే మెత్తటి గొంతు.

"మిషను ఇక్కడే ఉండనీ. తర్వాత చూద్దాం. నీ కొట్టు మా బావమరిది అరుగుమీదే కదా పైడయ్యా?"

పైడయ్య కత్తెర ఒక్కటే తీసుకుని గేటు దాటాడు.

పాడె వెంట నడిచాడు. రోడ్డు చీలే చోట ఆగి, ఘాటువైపు చూశాడు. ఎండ అప్పుడే కొండకొసలకి ఎక్కిపోయింది. పాడె మోస్తున్న భీముడు భుజం మార్చుకుంటూ వెనక్కి తిరిగాడు.

"ఈ యేల దిగనేవు. పులి తిరుగుతాది. మా ఊరు రా."

కోటలో చెప్పిన మాటలన్నీ జ్ఞాపకం వచ్చాయి. వెళ్ళక తప్పదని వెళ్ళాడు.

పన్నెండిళ్ళ ఊరు. వాగు గట్టున చితి పేర్చారు. మంట లేచాక కనక ఏడ్చింది. పద్నాలుగు రోజులదీ ఒక్కసారే వచ్చింది. నేలమీద పడి, మట్టి పిడికిళ్ళతో ఎత్తి నెత్తిన పోసుకుంటూ, వాడి పేరు పెట్టి పిలుస్తూ. ఊరి ఆడవాళ్ళు చుట్టూ చేరారు. పైడయ్య దూరంగా చింతమానుకింద కూర్చున్నాడు. ఇంతమందిలో తనొక్కడే పల్లపువాడు. ఎవరైనా వచ్చి, ఇన్నాళ్ళూ మేడమీద పరుపెక్కి ఏం చేశావని అడుగుతారేమోనని ఎదురుచూశాడు. ఎవరూ అడగలేదు. ఒక ముసలమ్మ దొప్పలో రాగిపిండితో కాచిన సోడి అంబలి తెచ్చి ముందు పెట్టి వెళ్ళింది.

చాలాసేపటికి కనక వాగులో మునిగి వచ్చి, తడిబట్టలతో చితికేసి చూస్తూ అతనికి కొంచెం దూరంలో కూర్చుంది. గొంతు పూర్తిగా పోయింది.

పైడయ్యకి దాచుకోబుద్ధి కాలేదు. "నాకు గురువారమే తెలిసింది తల్లీ. ఆ గుడ్డ దొరికిన దినమే. సెప్పనేకపోనాను. బయమేసింది."

"తెలుసు" అంది.

"ఏటి తెలుసు?"

"గేటుకాడ నా బుజంకాసి సూసినావు. నీ మొకం తెల్లబోనాది. ఆడు నేడని అప్పుడే తెలిసిపోనాది నాకు." తడిగుడ్డ కొస పిండుకుంది. "ఆ తరవాత రెండు దినాలు నాను ఆడికోసం కూకోనేదు అన్నా. నీకోసం కూకున్నాను."

పైడయ్య శుక్రవారం పొయ్యి దగ్గర నిలబడి ముడి విప్పబోయిన సంగతి చెప్పాలనుకున్నాడు, నోరు రాలేదు. ఆమె లేచి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆదివారం తెల్లవారగానే బయల్దేరాడు. భీముడు ఘాటు మొదటి మలుపుదాకా తోడొచ్చి, చెయ్యూపి వెనక్కి తిరిగాడు. అక్కణ్ణుంచి ఒక్కడే. ఆకు కదిలితే ఆగుతున్నాడు. కోటకి వెళ్ళి పెళ్ళాంతో ఏం చెప్పాలో, అరుగు ఖాళీ చెయ్యమంటే ఎక్కడ కూర్చోవాలో తెలీదు. నాలుగో మలుపులో చప్పుడు వినపడి వెనక్కి తిరిగి చూశాడు. తనని పట్టుకోడానికే ఎవరో వస్తున్నారనుకున్నాడు. కానీ చప్పుడు కిందినుంచి వస్తోంది.

మోటారు కార్లు, రెండు. దుమ్ము లేపుకుంటూ ఎక్కి వస్తున్నాయి. పైడయ్య కొండకి ఆనుకుని దారి ఇచ్చాడు. ముందు కారు అతని పక్కనే ఆగింది. లోపల టోపీ పెట్టుకున్న దొర, దొరసాని. ముందు సీటులో వాళ్ళ గుమస్తా కాబోలు, కోటు వేసుకున్న తెలుగు మనిషి తల బయటికి పెట్టాడు.

"ఓయ్, పైన ఇస్పాను దొర మేడ ఇంకా ఎంత దూరం?"

పైడయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "మూడు కోసులుంటాది బాబూ. రోడ్డు సీలినకాడ ఎడమకి తిరగండి."

"అటునించే వస్తున్నావా? ఎలా ఉంది? అంతా సిద్ధమేనా?"

"సిద్దమే బాబూ. నానూ ఆ మేడలోనే ఉన్నాను, అయిదు దినాలు. మంచి గదులు."

గుమస్తా తల లోపలికి పెట్టేసుకున్నాడు. కారు మూలిగి కదలబోయింది. పైడయ్య చెయ్యి చాపి కారు తలుపుమీద వేశాడు. తను ఆ పని చేశాడని చెయ్యి వేశాకే తెలిసింది.

"బాబూ, ఒక్క మాట. తోటలో గులాబీ మొక్కలు పీకీసి ఉంటాయి. అక్కడ గొయ్యి తవ్వీసి ఉంటాది." దొరవైపు చూశాడు. "ఎందుకు తవ్వేరో కంట్రాక్టరు బాబుని అడగండి. దొరగారికి సెప్పండి, ఆరినే అడగమనండి."

దొర ఏమిటన్నట్టు ముందుకి వంగాడు. గుమస్తా పైడయ్యని ఎగాదిగా చూసి, వెనక్కి తిరిగి ఇంగ్లీషులో చెప్పడం మొదలెట్టాడు.